కరెంటు లేని రోజున

మా మేనత్త కారం మానేసిందని తెలిసిన రోజున ఇంట్లో అందరం నవ్వాం. పండుమిరపకాయ పచ్చడి అప్పుడే రోట్లోంచి తీశారు. మా అమ్మ వేడన్నంలో కలిపి ముద్ద పెట్టబోతే అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దులే వదినా, నోరు మండుద్ది" అంది.

ముప్పై ఏళ్లుగా మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరిన మనిషి అది. ఎర్ర కాయలోంచి తెల్లబారిన తాలుకాయను వేరు చేస్తూ రోజంతా ఆ ఘాటులో కూర్చుని, మధ్యాహ్నం అదే చేత్తో అన్నం తినేది. మండడమంటే ఏమిటో దానికి తెలియదనుకునేవాళ్లం. మా నాన్న "పట్నం దొరసాని అయిపోయింది మా చెల్లెలు" అన్నాడు. నేను కూడా నవ్వి "ముసలిదానివైపోతున్నావత్తా" అన్నాను. అప్పటికి నేను నర్సునై ఆరేళ్లు. నోరు మండటం, కారం తినలేకపోవడం దేనికి గుర్తో నాకు శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. ఇంటికొచ్చేసరికి ఆ చదువంతా గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలేసినట్టున్నాను. ఇన్నేళ్లయినా ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇది ఎనభైలలో మాట. మార్టూరుకు అవతల నల్లరేగడి పొలాల మధ్య అత్త వాళ్ల ఊరు. మావయ్యకు ఒక ఎడ్లబండి ఉండేది. మిరప టిక్కీ బస్తాలు, పత్తి బోరేలు మార్కెట్ యార్డుకు తోలేవాడు. పిల్లలు లేరు. నేను హైస్కూలు చదివింది వాళ్లింట్లోనే. పరీక్షల రోజుల్లో బండి ఆపి మరీ నన్ను బడి దగ్గర దింపి, సాయంత్రం దాకా బడి ముందు చెట్టు కిందే ఎడ్లకు గడ్డేసుకుని కూర్చునేవాడు. మావయ్య చదువు ఆదివారపు బడిలో నేర్చుకున్నంత. కూడబలుక్కుని చదివేవాడు, చదివిన ప్రతి మాటనూ నమ్మేవాడు. అచ్చులో ఉన్నది అబద్ధమయ్యే వీలుందని ఆయనకెప్పుడూ తోచలేదు.

నేను పనిచేసేది రెండు బస్సులు మారితే వచ్చే ఒక మిషన్ ఆసుపత్రిలో. పేర్లు చెప్పను. చెప్తే ఎవరో ఒకరి మీద మట్టి పడుతుంది. ఈ కథలో తప్పు నాది, మట్టి కూడా నా మీదే పడాలి.

అప్పట్లో మా దగ్గరికి నోట్లో రాచపుండుతో, అంటే కాన్సరుతో, రోగి వస్తే మేం చేయగలిగింది నోట్లోకి లైటు వేసి చూడటం, భుజం తట్టడం, చీటీ రాసివ్వడం. ముక్క తీసి పరీక్ష చేయాలంటే జిల్లా పెద్దాసుపత్రికి పోవాలి. అది రాచపుండే అని తేలితే, కరెంటు పెట్టే, అంటే రేడియేషన్ ఇచ్చే, మిషను ఉన్న ఆసుపత్రి ఇంకో ఊళ్లో. ఒకచోట రాసిన కాగితం ఇంకొకచోట చెల్లేది కాదు. మళ్లీ ఓపీ చీటీ, మళ్లీ రక్తం, మళ్లీ వరస. పత్తి తీతలు, మిరప కోతలు మానుకుని వచ్చిన మనుషులు ఎన్ని పొద్దులని తిరుగుతారు? రెండో ఆసుపత్రి మెట్లు దిగి అట్నుంచటే ఊరికి పోయేవాళ్లు. ఆరు నెలలకు మళ్లీ మా దగ్గరకే వచ్చేవాళ్లు. అప్పుడు నోరు తెరుచుకునేది కాదు, తెరిచినా చూసి చేసేదేమీ ఉండేది కాదు.

ఈ బాధ చూడలేక మా డాక్టరమ్మ మిగతా రెండు ఆసుపత్రుల పెద్దలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఒకరు ప్రభుత్వం వాళ్లు, ఒకరు ట్రస్టు వాళ్లు, మేం మిషన్ వాళ్లం. పెళ్లి సంబంధాలు కలపడమే నయం. ఏడాది పట్టింది. చివరికి మా ప్రార్థన హాల్లో అందరూ కూర్చుని, పకోడీలు తిని, ఒప్పందానికి వచ్చారు. ముగ్గురికీ కలిపి ఒకటే కార్డు, పసుపుపచ్చది. అది చేతిలో ఉన్న రోగి ఎక్కడా మొదటినుంచి మొదలెట్టక్కర్లేదు. మేం కనిపెట్టాలి, పెద్దాసుపత్రి ముక్క పరీక్ష చేయాలి, ట్రస్టు వాళ్లు కరెంటు పెట్టాలి. ఆ తర్వాత పుండు కట్లు, మందులు మళ్లీ మా బాధ్యత. నెలకొకసారి, మొదటి శుక్రవారం మూడు చోట్ల మనుషులూ రిజిస్టర్లు పట్టుకుని కలవాలి. ఆ రోజు నేను టీ కప్పులు అందిస్తూ గాల్లో నడిచాను. అంత సంతోషం నాకు మళ్లీ ఉద్యోగంలో రాలేదు.

కార్డు మీద తెలుగు రాసే పని నాకప్పగించారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఒక కారణం, పల్లె మాట తెలిసినదాన్నని ఇంకొకటి. కరెంటు ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరుగారు "కిరణ చికిత్స అని రాయండమ్మా" అన్నారు.

"ఎవరికండీ అర్థమయ్యేది? రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. మా వాళ్లంతా కరెంటు పెట్టడమనే అంటారండి" అన్నాను.

ఆయన నవ్వి, "ఈవిడ చెప్పిందే కరెక్టు. రోగి మాటే మన మాట" అన్నారు. హాలంతా తలలూపారు. నేను పొంగిపోయాను.

కార్డులు అచ్చు తీసే స్టెన్సిలు మీద ఒత్తి ఒత్తి రాశాను. కరెంటు మొత్తం ఎన్ని రోజులు పెడతారో, మధ్యలో ఎందుకు మానకూడదో, చెంప మీద గీసిన గీతలు ఎందుకు చెరపకూడదో అన్నీ రాశాను. అడుగున ఒక్క లైను చోటు మిగిలింది. ఆదివారాలు, పండగలు, మిషను బాగుచేసే రోజుల్లో కరెంటు పెట్టరు. అప్పుడు అనవసరంగా వచ్చి జనం ఇబ్బంది పడుతున్నారని ఆ ఆసుపత్రి గుమాస్తా చెప్పాడు. అదంతా రాయడానికి చోటెక్కడిది? ముక్తసరిగా రాశాను: "కరెంటు లేని రోజున రానక్కర్లేదు." నాలుగు మాటల్లో తేల్చేశానని గర్వపడ్డాను కూడా. డాక్టరమ్మ చూసింది, గుమాస్తా చూశాడు, మూడు ఆసుపత్రుల వాళ్లూ చూశారు. ఎవరికీ ఏమీ తోచలేదు.

కల్లాలు ఇంకా అయిపోకముందే ఒక మంగళవారం అత్త తనంతట తానే మా ఓపీకి వచ్చింది. ఎడమ బుగ్గన పొగాకు కాడ పెట్టుకునేది చిన్నప్పటినుంచీ. సరిగ్గా అక్కడే తెల్లటి మచ్చ, దాని మధ్యలో పుండు. నేను లైటు పట్టుకున్నాను, డాక్టరమ్మ చూసింది. చూసి నావైపు తిరిగింది. పసుపు కార్డు తీసుకురమ్మంది. మా మూడు ఆసుపత్రుల పని మొదలయ్యాక నా చేత్తో పేరు రాసిన తొలి కార్డుల్లో అత్తది ఒకటి.

కార్డు పనిచేసింది. నిజంగా పనిచేసింది. పెద్దాసుపత్రిలో వరస లేదు, ముక్క పరీక్ష ఫలితం వారం తిరక్కుండా వచ్చింది. కరెంటు ఆసుపత్రి డాక్టరుగారు అత్త నోరు చూసి, మావయ్యతో చెప్పిన మాటలు, వెంట వెళ్లినదాన్ని, నాకింకా గుర్తే.

"ఇంకా పాకలేదు పెద్దాయనా. పూర్తిగా పెట్టించుకుంటే నయమయ్యే అవకాశం బాగానే ఉంది. ఒకటే షరతు. మధ్యలో మానకూడదు."

"మానమండి. చచ్చినా మానం" అన్నాడు మావయ్య.

ఆసుపత్రి వెనక సత్రంలో ఉండి మొదటి సగం పెట్టించుకున్నారు. నోరు పూసిపోయి గంజి కూడా దిగని స్థితి వచ్చింది. అక్కడ పద్ధతి ప్రకారం పదిరోజులు ఇంటికి పంపి, ఫలానా సోమవారం రమ్మన్నారు. పుండు సగానికి సగం తగ్గింది. దారిలో మా ఆసుపత్రి దగ్గర దిగి నాకు చూపించి పోయింది అత్త. చెంప మీద ఊదారంగు గీతలు, పైన పమిట కొంగు.

"సిగ్గేస్తందే, బస్సులో అందరూ ఇదేం పచ్చబొట్టని అడుగుతున్నారు" అంది. నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

ఆ తర్వాత నేను వాళ్ల ఊరు వెళ్లలేదు. రెండంటే రెండు బస్సులు. వెళ్లలేదు. ఎండలు ముదిరి వాంతులు విరేచనాల వార్డు నిండిపోయింది, సెలవు దొరకలేదు, అవన్నీ నిజమే. అసలు నిజం వేరు. అత్త కరెంటు ఆసుపత్రిలో భద్రంగా ఉందనుకున్నాను. మూడు ఆసుపత్రులు చూసుకుంటున్న మనిషికి నేనెందుకనుకున్నాను.

జూన్‌లో మొదటి శుక్రవారం అందరం కలిశాం. కరెంటు ఆసుపత్రి గుమాస్తా మంచి మనిషి. నన్ను చూడగానే, "మీ మేనత్తగారికి ఎలా ఉందమ్మా? నోరు ఇంకా మానలేదని మీ దగ్గరే ఉంచుకున్నారు కదా" అన్నాడు.

"మా దగ్గర ఎందుకుంటుందండీ? మీ దగ్గర కదా ఉంది?" అన్నాను.

పెద్దాసుపత్రి ఆయన "ఫలితం మేం ఎప్పుడో పంపించేశాం" అన్నాడు, ఎవరో తన మీద తప్పు మోపుతున్నట్టు. ముగ్గురం మూడు రిజిస్టర్లు తెరిచాం. ఒకదాన్లో 'పంపించాం' అని ఉంది. ఒకదాన్లో 'విరామం' అని ఉంది. మా దాన్లో, నా గుండ్రటి చేతిరాతతో, 'అక్కడ నడుస్తోంది' అని ఉంది. అత్త తిరిగి వెళ్లాల్సిన ఆ సోమవారం గడిచి నెల దాటుతోంది.

చేతిలో టీ కప్పు కిటికీలో పెట్టి అలాగే బయలుదేరాను. రెండో బస్సు తప్పిపోయింది. మార్టూరు వైపు వెళ్తున్న ఒక రాళ్ల లారీని ఆపి, నర్సు బట్టలు చూసి ఎక్కించుకుంటే, ఊరి మలుపులో దిగాను. దారంతా ఒకటే ప్రార్థన. అత్త చచ్చిపోయిందేమో అనుకోలేదు, చచ్చిపోతే కబురొస్తుంది. ఏం జరిగిందో ఊహకందకపోవడమే భయం.

పట్టపగలు వాకిట్లో బల్బు వెలుగుతోంది. దాని కింద మావయ్య కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుని లేచాడు.

"వచ్చేసిందే అమ్మాయ్! ఇందాకే వచ్చింది. రేపు మొదటి బస్సుకే బయల్దేరతన్నాం" అన్నాడు.

"ఏమొచ్చింది మావయ్యా?"

"కరెంటు!"

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకుపోయాడు. సోమవారం వెళ్దామని సంచి సర్దుకుంటే, ఆదివారం సాయంత్రం గాలిదుమారంలో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. ఊరంతా చీకటి. బల్బు స్విచ్చు వేసే ఉంచాడట, కరెంటు వచ్చిన నిమిషాన తెలియాలని. రెండు రోజులు చూసి కరెంటాఫీసుకు పోయాడు. ఇరవై రోజులు వరసగా పోయాడు. ట్రాన్స్‌ఫార్మర్లు తక్కువున్నాయి, ఊళ్లకు వంతులున్నాయి అన్నారు. అక్కడి ఇంజనీరు టేబులు మీద మా పసుపు కార్డు పెట్టి దణ్ణం పెట్టాడు. "అయ్యా, మా ఇంటిదానికి కరెంటు పెట్టాలండి. మజ్జెలో మానకూడదన్నారు, ఇదుగో రాసుంది చూడండి" అన్నాడు. ఆయన చదివాడు. చదువుకున్న మనిషి. ఆయనకీ తప్పేమీ కనపడలేదు, పైగా కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. పై ఆఫీసుకు రాసి, ఊరి వంతు ముందుకు జరిపించాడు. మోయడానికి లారీ లేదంటే మావయ్య తన బండే కట్టాడు. ఆ బరువుకు ఇరుసు విరిగితే ఇంకో ఇరుసు వేసుకుని, ఎడ్ల పక్కన తానూ భుజం పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊరికి తోలుకొచ్చాడు. మా మూడు ఆసుపత్రులూ కలిసి అత్త కోసం ఆ నెలలో చేసినదానికన్నా ఆ కరెంటాఫీసు చేసిందే ఎక్కువ. ఒక్కటే, ఆ చేసిందాని అవసరం లేదు.

"అక్కడ ఉంటుంది కదా మావయ్యా కరెంటు! మనూళ్లో లేకపోతే ఆసుపత్రిలో ఎందుకు లేకపోద్ది?" నా గొంతు లేచింది.

"ఎట్టాగే? మోటార్లకి ఊరి వంతులున్నట్టే జబ్బులకీ ఉంటయ్యి గందా. మనూరి వంతు లేనప్పుడు పోయి ఏం చేసేది?" అని, గోడకున్న సంచిలోంచి కార్డు తీశాడు. పాలితీను కాగితంలో చుట్టి పెట్టాడు. అడుగు లైను మీద వేలుపెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. "కరెంటు... లేని... రోజున... రానక్కర్లేదు. నువ్వు రాసిందే గందమ్మా. ఒక్క అచ్చరం తప్పకుండా చేశాం."

నేను నోరు తెరిచాను. అరవాలనే తెరిచాను, ఎవరి మీదో తెలియదు. లోపల మంచం మీదనుంచి అత్త గొంతు వచ్చింది, సగం మాటలు బుగ్గలోనే ఉండిపోతూ.

"ఆయన్నేం అనమాకే. నెల్లాళ్లనుంచి కూడు తిన్లా."

లోపలికి వెళ్లాను. అత్త చెంప మీద ఆ ఊదా గీతలు అలాగే ఉన్నాయి. నెలరోజులుగా ఆ పక్క మొహం కడుక్కోలేదట, చెరిగిపోతే మళ్లీ గీయాల్సి వస్తుందని. గీతలకింద చెంప ఉబ్బి, ఆ గీతలు వంకరపోయాయి. నేను మంచం పట్టె మీద కూర్చుని, ఆ చెంప చూస్తూ, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నర్సుగా ఆరేళ్లలో ఎన్నో చెంపలు చూశాను, చెయ్యి దాటిపోయిందని తెలియడానికి అది చాలు నాకు. అయినా మరునాడు పొద్దున్నే బయలుదేరాం.

కరెంటు ఆసుపత్రిలో మా కార్డు చక్కగా పనిచేసింది. అరగంటలో లోపలికి పిలిచారు. డాక్టరుగారు చూసి, లేచి, నన్ను బయటికి రమ్మన్నారు. పుండు లోపలికి దిగి దవడ ఎముక పట్టుకుంది. మిగిలిన సగం ఇప్పుడు పెట్టినా పనిచేయదు. మొదటినుంచి పెడదామంటే ఆ చర్మం తట్టుకోదు. "మీ దగ్గరే ఉంచి నొప్పికి ఏదైనా ఇవ్వండమ్మా" అన్నారు. ఎందుకు ఇంత ఆలస్యమైందని అడిగారు. చెప్పాను. ఆయన కార్డు తీసుకుని ఆ లైను చదివారు. "మేం కూడా చూశాం కదమ్మా దీన్ని" అన్నారు. ఓదార్చడానికే అన్నారు. అది నాకు ఓదార్పు కాలేదు.

అత్త మా వార్డులో రెండు నెలలుంది. వార్డంతా మిరప కల్లం కబుర్లు చెప్పేది మొదట్లో, తర్వాత సైగలతో, తర్వాత అదీ లేదు. నా చేతిలో మాత్రలుండేవి, గుడ్డలుండేవి, ఉప్పునీళ్లుండేవి. వాటితో ఏం చేయాలో నాకు తెలుసు, వాటితో ఏమీ కాదని కూడా తెలుసు. మావయ్య మంచం పక్కన కూర్చుని వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడు, ఆ పాడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో పదిరోజులు ముందొచ్చుంటే బతికేదని. ఇరుసు విరిగిన రోజు ఇంకో బండి అడిగి ఉండాల్సిందని తనను తాను తిట్టుకునేవాడు. చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి "మావయ్యా, ఆ కార్డులో" అని మొదలుపెట్టాను కూడా. "ఆ కార్డే లేకపోతే మాకు దారెవరు చూపేవాళ్లమ్మా" అన్నాడు. నేను గుడ్డ పిండుకుంటూ ఉండిపోయాను.

పత్తి పూత మీదున్నప్పుడు అత్త పోయింది.

ఆ తర్వాత పాత కార్డులు పట్టుకున్న వాళ్లను ఒక్కొక్కరినే అడిగాను, ఏ రోజున ఎందుకు రాలేదని. అత్త ఒక్కతే కాదు. ఎంతమందో లెక్క తీయలేదు, తీసే ధైర్యం లేకపోయింది. డాక్టరమ్మతో చెప్పి కార్డులన్నీ వెనక్కి తెప్పించి, కొత్త స్టెన్సిలు రాశాను. అడుగున "ఆదివారం తప్ప రోజూ రావాలి" అని పెట్టి, ఆ పాత లైను తీసేశాను.

మరుసటేడు కల్లాల రోజుల్లో మావయ్య దగ్గు మందుకని మా ఓపీకి వచ్చాడు. నా బల్ల మీద కొత్త కార్డుల కట్ట చూసి ఒకటి తీసుకున్నాడు. బల్ల పక్కనే నిలబడి, పైనుంచి కింద దాకా కూడబలుక్కుని చదివాడు. మళ్లీ తిప్పి వెనకవైపు చూశాడు.

"ఇందులో ఆ మాట లేదేందమ్మా? కరెంటు లేని రోజుది?"

చెప్పాల్సిన రోజు అదే. నా ఎదురుగా ఆయన, ఆయన చేతిలో కార్డు, బయట వరసలో ఇద్దరే ఉన్నారు.

"చోటు చాల్లేదు మావయ్యా" అన్నాను.

ఆయన కార్డు కట్ట మీద పెట్టి, అంచులు సరిచేశాడు.

"ఎట్టాగో ఇరికించి పెట్టమ్మా" అన్నాడు. "పాపం తెలవనోళ్లు, కరెంటు లేనప్పుడు పోయి ఊరికే తిరిగొస్తారు."

సరే మావయ్యా అన్నాను.